నడుము ఆపరేషన్ తర్వాత కాలి తిమ్మిరి ఎందుకు ఆలస్యంగా పోతుంది?

వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారి నరాన్ని నొక్కుతుంటే చేసే నడుము ఆపరేషన్ తర్వాత మొదట తగ్గేది కాలి గుంజుడు. చాలామందికి మత్తు దిగేసరికే ఆ తేడా తెలుస్తుంది. కాలి బలం వారాల్లో, నెలల్లో వస్తుంది. మొద్దుబారడం అన్నిటికంటే ఆఖరున పోతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది కూడా. ఈ వరుస తెలియక నొప్పి పోయింది కదా అని పదో రోజుకే నీళ్ల బిందె ఎత్తేవాళ్లున్నారు, తిమ్మిరి పోలేదంటే ఆపరేషన్ చెడిపోయిందని మంచం దిగనివాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ నష్టమే.

కారణం నరంలోనే ఉంది. ఒత్తిడికి నరానికి రక్తం సరిగా అందక, వాచి, రేగుతుంది. ఒత్తిడి తీయగానే నొప్పి దిగుతుంది. నరంలోని పోగుల పైపొర మాత్రమే దెబ్బతింటే కొన్ని వారాల్లోనో నెలల్లోనో మళ్లీ కట్టుకుంటుంది. పోగే తెగితే కొత్తగా పెరగాలి, అదీ రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున. నడుము నుంచి పాదానికి దాదాపు మీటరు దూరం! చాలాకాలం నొక్కుడు పడిన నరం, షుగర్ ఉన్నవాళ్ల నరం ఇంకా నిదానం. కోలుకునే దశలో చీమలు పాకినట్టు, జివ్వుమన్నట్టు ఉండడం మామూలే.

రోజూ గిల్లి చూసుకుంటే మార్పు తెలియదు. వారానికోసారి దూదితో తాకి, మొద్దుగా ఉన్నచోటు చుట్టూ పెన్నుతో గీసి ఫోటో తీసి పెట్టుకోండి. నొక్కుడు పడింది నడుము కింది భాగం నుంచి కాలికి దిగే ఎల్5 అనే నరమైతే మొద్దుబారేది పాదం పైభాగం, బొటనవేలు. దాని కిందిదైన ఎస్1 అయితే చిటికెనవేలి వైపు అంచు, మడమ. గీత లోపలికి జరుగుతుంటే నరం కోలుకుంటున్నట్టే.

కర్నూలు, అనంతపురం, కడప ఎండల్లో అసలు ప్రమాదం ఇంటి ముందున్న బండలే. మధ్యాహ్నం వాకిట్లో నాపరాయి గాలికంటే ఎంతో ఎక్కువ కాలుతుంది. స్పర్శ లేని పాదానికి ఆ ఉడుకు తెలియదు. బొబ్బ లేచాక చూసుకుంటే ఏం లాభం? షుగర్ ఉంటే ఆ పుండు నెలల తరబడి మానకపోవచ్చు. వట్టి కాళ్లతో గడప దాటొద్దు. హవాయి చెప్పులు మొద్దుబారిన కాలినుంచి జారిపోతాయి, మడమ వెనక పట్టీ ఉన్నవే వేసుకోవాలి. తిమ్మిరికి వేడినీళ్ల కాపడం అసలు వద్దు. రాత్రి పడుకునేముందు అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి.

నడకే మందు. మొదట 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు, ఎండ ఎక్కకముందూ పొద్దు వాలాకా. మెల్లగా పెంచుకుంటూ ఆరు వారాలకు ఏకబిగిన అరగంటకు రావచ్చు. ఒక్కచోట 20, 30 నిమిషాలకు మించి కూర్చోవద్దు. అందుకే కర్నూలులో ఆపరేషన్ చేయించుకుని అనంతపురం వెళ్లేవాళ్లు సుమారు 150 కిలోమీటర్ల దారిలో డోన్‌లో, గుత్తిలో అయినా దిగి నాలుగడుగులు వేయాలి. నులక మంచం, నేలమీద పీట వద్దు. లేచేటప్పుడు మోకాళ్లు మడిచి, భుజం, నడుము ఒకేసారి పక్కకు తిప్పి, కాళ్లు కిందికి దించుతూ చేత్తో నెట్టుకుని లేవాలి.

మొదటి ఆరు వారాలు రెండు మూడు కిలోలకు మించి ఎత్తొద్దు. మంచినీళ్ల క్యాన్ ఒక్కటే 20 కిలోలు. డిస్క్‌కు రక్తప్రసారం చాలా తక్కువ కాబట్టి అంచున పడిన చిల్లు నెమ్మదిగా పూడుతుంది. వంగి, బరువు పట్టి, ఒళ్లు తిప్పితే అక్కడే మళ్లీ జారుతుంది. నూటికి 5 నుంచి 15 మందికి అలా జరుగుతుంది. వేరుశెనగ కలుపులాంటి వంగే పనులకు మూడు నెలలైనా ఆగి, సర్జన్ సరేనన్నాకే వెళ్లాలి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి, ముక్కితే నడుముపై ఒత్తిడి. రాగిసంగటి, ఆకుకూరలు, నీళ్లు బాగా తీసుకోండి. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ మాత్ర ఒక్కసారిగా ఆపొద్దు.

జ్వరం, గాయం నుంచి చీము, లేచి కూర్చుంటే వచ్చి పడుకుంటే తగ్గే తలనొప్పి, ఒక్క పిక్కే వాచి నొప్పెట్టడం – వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టరుకు చెప్పాలి. మలమూత్ర ద్వారాల చుట్టూ స్పర్శ పోయినా, మూత్రం ఆగిపోయినా, పాదం కొత్తగా వేలాడినా, ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, ఎంఆర్ఐ స్కానింగ్, వెన్ను సర్జన్ రెండూ అందుబాటులో ఉండే పెద్దాసుపత్రికే పోనివ్వమని అడగండి.