మాక్ టెస్ట్‌కు ముహూర్తం

"సార్, సిలబస్ అయినంక రాస్తా."

హన్మకొండలో నీట్‌కు, అంటే డాక్టరు కోర్సుల ప్రవేశ పరీక్షకు, తయారయ్యే బైపీసీ పిల్లలకు జువాలజీ చెప్తాను. ఆగస్టు నుంచి జనవరి దాకా, మాక్ టెస్ట్, అంటే మాదిరి పరీక్ష, రాయమంటే వచ్చే ఈ మాట వినని వారం ఉండదు. అనేవాళ్లు బద్ధకస్తులేమీ కాదు. నర్సంపేట నుంచో, పరకాల నుంచో, మహబూబాబాద్ నుంచో వచ్చి, హాస్టల్లో ఉండి, తెల్లవారక ముందే లేచి చదివే పిల్లలు. సగం చదువుతో మాక్ టెస్ట్ రాస్తే మార్కులు తక్కువొస్తాయి, అవి ఇంటికి తెలుస్తాయి. ఆ టెన్షన్‌తో మాక్ టెస్ట్‌ను ఏప్రిల్ దాకా వాయిదా వేస్తారు. అక్కడే నష్టపోతున్నారు.

2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు ఒక చిన్న పాఠం ఇచ్చారు. ఒక గుంపు నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. ఇంకో గుంపు మొదటి విడత చదివి, మిగతా మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతమే మిగిలింది, రాసినవాళ్లకు 61. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇంకొకటి. "ఇది మాకు బాగా గుర్తుంటుంది" అని ఎక్కువ ధీమాగా చెప్పినవాళ్లు చదువుతూ కూర్చున్న గుంపువాళ్లే.

ఆ ధీమా ఎక్కడిదో మన పిల్లల్లో రోజూ చూస్తాను. ఎన్సీఈఆర్టీ పాఠ్యపుస్తకంలో పేజీ నాలుగోసారి తిప్పుతుంటే అన్నీ తెలిసిన ముఖాల్లాగే కనిపిస్తాయి. ముఖం గుర్తుపట్టడం వేరు, ఎదుట మనిషి లేనప్పుడు పేరు గుర్తు తెచ్చుకోవడం వేరు. పరీక్ష హాల్లో పేజీ ఉండదు. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ, నడిచిన కొద్దీ పొలంలో బాట పడ్డట్టు, ఆ సమాచారానికి దారి గట్టిపడుతుంది. అందుకే టెస్ట్ అంటే చదువు అయ్యాక తూకం వేయడమే అనుకోవద్దంటాను. అది కూడా చదువే. చాప్టర్ అయిన వారంలోనే ఇరవై ప్రశ్నల స్లిప్ టెస్ట్ రాయాలి, అదీ మొదటి నెల నుంచే.

రాసిన చాప్టర్‌ను మళ్లీ ఎన్ని రోజులకు ముట్టుకోవాలి? దీని మీద సెపెడా అనే పరిశోధకుడి బృందం 2008లో 1,350 మందికి పైగా మనుషులతో చేసిన పరిశోధన ఉంది. అసలు పరీక్ష 70 రోజుల దూరంలో ఉంటే, రెండు విడతల మధ్య సుమారు 21 రోజులు ఆగినవాళ్లకు ఎక్కువ గుర్తుంది. 35 రోజులే ఉంటే 11 రోజులు. వారమే ఉంటే ఒక్క రోజు. పరీక్ష దగ్గరపడే కొద్దీ ఎడం తగ్గాలన్నమాట. ఫిబ్రవరిలో మూడు వారాలకోసారి, ఏప్రిల్ మొదట్లో పది రోజులకోసారి అనుకుంటే మన క్యాలెండర్‌కు సరిపోతుంది.

ఇక 720 మార్కుల గ్రాండ్ టెస్ట్, అంటే నీట్ అంత పూర్తి మాక్ టెస్ట్, సంగతి. 2025లో నీట్ మళ్లీ 180 ప్రశ్నలకు, 180 నిమిషాలకు వచ్చింది. బయాలజీ 90, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. ఓఎంఆర్ షీట్‌లో బబ్లింగ్, అంటే జవాబుల వృత్తాలు పెన్నుతో నింపడం, కూడా ఆ టైంలోనే. అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం కూడా దక్కదు. ఈ వేగం సాధన చేస్తేనే వస్తుంది. సిలబస్‌లో మూడో వంతు మిగిలి ఉన్నా సరే, సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి గ్రాండ్ టెస్ట్ రాయించాలని నా అభిప్రాయం. ఆ మార్కులు ఇంటికి పంపకూడదని కూడా. ఇంటర్ పబ్లిక్ పరీక్షలప్పుడు ఆపేసి, అవి అయ్యాక వారానికి రెండు చాలు. రోజుకొకటి రాయించే పద్ధతి నాకు బాధ కలిగిస్తుంది. తప్పులు చూసుకోవడానికి ఇంకో మూడు గంటలు పడుతుంది, రోజూ రాసే పిల్లలకు ఆ మూడు గంటలు దొరకవు.

ఆ తప్పుల్లోనే అసలు సరుకు ఉంది. కచ్చితంగా తెలుసనుకుని పెట్టిన జవాబు పక్కన చిన్న చుక్క పెట్టమంటాను. ధమనుల్లో ఎప్పుడూ ఆక్సిజన్ ఉన్న రక్తమే పారుతుందని నమ్మి చుక్క పెట్టిన పిల్లవాడు, గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో పారేది ఆక్సిజన్ తక్కువున్న రక్తమని చూసి ఉలిక్కిపడతాడు. అలా ధీమాగా చేసిన తప్పును, సరైన జవాబు వెంటనే చూపిస్తే, అనుమానంతో చేసిన తప్పు కన్నా బాగా సరిదిద్దుకుంటారని 2001లో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ అనే పరిశోధకులు చూపించారు. అందుకే జవాబుల కీ మర్నాటికి వాయిదా వేయను, ఆ సాయంత్రమే ఇస్తాను.

టైం గురించి ఇంకో మాట. మన ఇంటర్ పరీక్షలు ఉదయం 9 గంటలకు మొదలవుతాయి. మాక్ టెస్టులు కూడా చాలాచోట్ల పొద్దున్నే పెడతారు. నీట్ మాత్రం మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు. శరీరంలోని గడియారం ప్రకారం సరిగ్గా ఆ వేళలోనే చురుకుదనం తగ్గుతుంది. అన్నం తినకపోయినా ఈ మత్తు వస్తుంది, కడుపునిండా తింటే ఇంకా పెరుగుతుంది. పైగా మే నెల, వరంగల్‌లో 40 డిగ్రీలు దాటే ఎండ. ములుగు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉదయం టెస్టుల్లో ఎప్పుడూ ముందుండేది. అసలు పరీక్షలో చివరి నలభై ప్రశ్నల దగ్గర కళ్లు మూతలు పడ్డాయని చెప్పి ఏడ్చింది. ఆ ఏడాది టెస్టులన్నీ పొద్దున పెట్టింది నేనే. అప్పటి నుంచి ఏప్రిల్‌లో ప్రతి గ్రాండ్ టెస్ట్ 2 గంటలకే. ఒంటిగంటన్నరకు గేటు మూస్తాం. ఏసీ లేని గది, ఫ్యాను, మంచినీళ్ల సీసా, నల్ల బాల్‌పెన్ను. పన్నెండింటికల్లా కొంచెం పెరుగన్నం తిని రమ్మంటాను.

నీట్ ఆదివారం అయితే, చివరి గ్రాండ్ టెస్ట్ బుధవారం. గురువారం దాని తప్పులు. శుక్రవారం చుక్క పెట్టిన పాత తప్పుల నోట్‌బుక్. శనివారం సాయంత్రం నోట్‌బుక్‌లన్నీ నా దగ్గర పెట్టి, హాల్ టికెట్, ఫొటోలు సర్దుకుని, పదింటికి ముందే పడుకుంటారు.