స్ట్రట్ రాడ్డు మర గురించి తాత ఉత్తరం

తిరుపతి

చిరంజీవులు చిన్నోడికి, అమ్ములుకి, తాత ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అవ్వ, నేను క్షేమం.

మొన్న షెడ్డులో కారు ముందు చక్రం కుదుపులు ఆపే స్ప్రింగు కంబం, అదే స్ట్రట్, దాని పైనట్టు అడ్డంగా ఎక్కి రాడ్డు మర చెడినప్పటి నుంచి చిన్నోడు అన్నం కూడా సరిగా తినలేదని అవ్వ చెప్పింది. దాన్ని బాగు చేసేలోపే మీ రైలు టైమయింది. ఎలా చేశానో ఇప్పుడు రాస్తున్నాను.

ముందు తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. స్ట్రట్ మధ్యలోంచి పైకి వచ్చే ఆ రాడ్డు 12 మిల్లీమీటర్ల లావు. నట్టు ఒక చుట్టు తిరిగితే 1.25 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. చిన్నోడు డబ్బాలోంచి తీసిన నట్టు కూడా 12దే, కాని దాని మర 1.5ది. చూస్తే తేడా తెలియదు. ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది. చేత్తో తిప్పితే ఆ బిగువు వేళ్లకు తెలిసేది. నట్లు బిగించే గన్నుతో తిప్పేసరికి మర నలిగిపోయింది. రెండు రకాల నట్లూ ఒకే డబ్బాలో వేసింది నేనే, కాబట్టి నాదీ తప్పే.

స్ప్రింగును నొక్కి పట్టే బిగింపు, అదే స్ప్రింగ్ కంప్రెసర్, విప్పకుండా ఉండడం మన అదృష్టం. స్ట్రట్ విప్పి బల్ల మీద పెట్టినా స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది. దాన్ని ఆపేది ఆ ఒక్క నట్టే. మర పట్టు వదిలితే పైకప్పు దాకా ఎగిరి కొడుతుంది. అందుకే రాడ్డుకు ఎదురుగా ఎప్పుడూ ముఖం పెట్టకండి.

ఇక మర సంగతి. వైరు బ్రష్షుతో తుడిచి, కిరోసిన్ గుడ్డతో శుభ్రం చేశాను. మంచి 1.25 బోల్టు ఒకటి తెచ్చి రాడ్డు పక్కన ఆనించి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాను. పళ్లు సందు లేకుండా ఒకదానిలో ఒకటి కూర్చున్నాయి. అంటే కొలత అదే. చెడింది పై రెండు చుట్లే, కింద నట్టు కూర్చునే చోట మర చెక్కుచెదరలేదు. అక్కడ చెడి ఉంటే స్ట్రట్ మార్చడమే. కొందరు వెల్డింగ్ పెట్టి మళ్లీ మర కోయిస్తారు. నేను ఒప్పుకోను. లోపల ఆయిలు, కొన్నిట్లో గ్యాసు కూడా ఉంటుంది. వేడి తగిలితే పేలవచ్చు.

చెడిన చోట పైనుంచి డై (రాడ్డుకు మర కోసే పనిముట్టు) పెడితే అది కూడా అడ్డంగానే ఎక్కుతుంది. అందుకే ముందు మర ఆకురాయి, అంటే మర పళ్లు సరిచేసే ఆకురాయి, పట్టాను. దాని పళ్లను కింద ఉన్న మంచి చుట్లలో కూర్చోబెట్టి పైకి రుద్దుతూ వచ్చాను. మంచి మరే చెడిన మరకు దారి చూపిస్తుంది. ఈ పనిలో నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే. తర్వాత చుక్క నూనె వేసి డై ఎక్కించి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పాను. వెనక్కి తిప్పితేనే ఇనుప పొట్టు రాలుతుంది. అది కిందికి పోకుండా రాడ్డుకు ముందే గుడ్డ చుట్టాను. మెరిసే ఆ రాడ్డు మీద చిన్న గీత పడినా ఆయిలు ఆపే రబ్బరు సీలు కోసుకుపోయి ఆయిలు కారుతుంది. నట్టుతో పాటు రాడ్డు తిరుగుతోందని చాలామంది దాన్ని ప్లయర్‌తో పట్టుకుంటారు. చూస్తే నాకు ప్రాణం పోయినట్టుంటుంది. రాడ్డు కొసన అలెన్ కీకి (ఆరు పలకల తాళంచెవికి) గాడి ఉంది కదా, దానితో పట్టుకోవాలి.

చివరికి లోపల నైలాన్ రింగు ఉండి పట్టి ఉంచే కొత్త నైలాన్ నట్టు తీసుకున్నాను. పాతది మళ్లీ వాడకూడదు, పట్టు తగ్గిపోయి ఉంటుంది. మూడు చుట్లు వేళ్లతోనే ఎక్కించి, కంపెనీ చెప్పిన టార్క్‌కు, అంటే చెప్పినంత బిగువుకు, బిగించాను.

మీ వయసులో నాకు ఈ రాడ్డు మామూలు ఇనుప కడ్డీలాగే కనిపించేది. 1983లో మారుతి 800 వచ్చాక ఇలాంటి స్ట్రట్లు మన ఊళ్లోనూ మామూలయ్యాయి. స్టీరింగ్ తిప్పితే చక్రంతో పాటు స్ట్రట్టూ తిరుగుతుంది. 1944లో వేసిన తిరుమల పాత ఘాట్‌లో ఇప్పుడు దిగే బళ్లే నడుస్తాయి. ఒక్కో మలుపులో బ్రేకు వేస్తూ దిగేటప్పుడు బరువు ఎక్కువగా ముందు స్ట్రట్ల మీదికి వస్తుంది. వాటి తల కదలకుండా పట్టుకునేది ఈ వేలెడు మరే. ఆ కారులో కూర్చునేది మనలాంటి ఓ కుటుంబం.

పాత స్ట్రట్ ఒకటి స్ప్రింగు తీసేసి మీకోసం దాచాను. సంక్రాంతికి వచ్చినప్పుడు చిన్నోడు ఆకురాయి పట్టాలి, అమ్ములు డై తిప్పాలి. ముందు ముగ్గురం కూర్చుని ఆ డబ్బాలో నట్లు వేరు చేద్దాం.

ఇట్లు,
మీ తాత