తేలినీలాపురం చింతచెట్లు, అవతల బీల

శ్రీకాకుళం తీరంలో మూలపేట పోర్టు పనులు ముందుకు సాగేకొద్దీ టెక్కలి, సంతబొమ్మాళి వైపు బీల భూముల, అంటే నీళ్లు నిలిచే తడి నేలల మాట మళ్లీ రేగుతోంది. దాని వెంటే పాత ప్రశ్న కూడా వచ్చింది: ఆ బీలలో మేసి తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టే పక్షుల వల్ల ఊరికి ఒరిగేదేంటి?

అడుగుతున్నది డబ్బు లెక్క. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో మాత్రం పక్షుల్ని ఎవరూ ఆ లెక్కతో చూడటం మొదలుపెట్టలేదు. ఏటా సెప్టెంబరు ప్రాంతంలో గూడబాతులు (పెలికాన్లు), రంగు కొంగలు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. పిల్లల్ని పెంచుకుని వేసవి ముదరకముందే వెళ్లిపోతాయి. ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వచ్చినట్టే అంటారు ఇక్కడివాళ్లు. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదని నమ్మకం. సైబీరియా పక్షులని కూడా అంటారు కానీ ఆ మాట తప్పు. ఈ రెండు జాతులూ మన దక్షిణాసియావే. చెప్పినా పెద్దగా పట్టించుకోరు. దూరం నుంచి వచ్చిన చుట్టానికి ఉండే మర్యాద వేరు కదా.

ఈ చుట్టరికం అంత సుఖమైందేమీ కాదు. గూళ్లున్న చింతచెట్టు కింద నిలబడితే ముందు తగిలేది నీచు వాసన. రెట్ట పడి నేల సున్నం కొట్టినట్టు ఉంటుంది. పైన గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు లాక్కుంటుంది, జారినవి కింద పడి కుళ్లుతాయి. కర్ణాటకలోని కొక్కరెబెళ్లూరులో ఇలాంటి చింతచెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారం ఇస్తుంది. నెల్లూరు వైపు నేలపట్టులో రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువన్న లాభమైనా ఉంది. తేలినీలాపురం పెరట్లో వాసన భరించడానికి కారణం లాభం మాత్రం కాదు.

లాభం లెక్క మొదలైంది ఈ జిల్లా బీలల్లో థర్మల్ కరెంటు ప్రాజెక్టులు వచ్చినప్పుడు. వాటికి ఎవరి హయాంలో ఎన్ని ఎకరాలు ఇచ్చారన్నది చాలామంది రాశారు. అసలు మలుపు 2010 జులై 14. ఆ రోజు సోంపేటలో థర్మల్ కేంద్రానికి ఎదురు తిరిగిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. తగువంతా ఒక్క మాట దగ్గర ఉంది. కాగితాల్లో సోంపేట బీల బంజరు, దేనికీ పనికిరాని భూమి. జనం చూపించింది చేపలూ గడ్డీ పక్షులూ ఉన్న తడి నేలని.

ఆ తర్వాత ఏడు నెలలకే, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో అదే జరిగింది. అక్కడి 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి 2009లోనే అనుమతి వచ్చింది. తేలినీలాపురం పక్షులు మేతకు వెళ్లే నౌపడ బీల ప్రాంతం అదే. మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. ఆ వెంటనే కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపించింది.

ప్రాజెక్టు కావాలన్నవాళ్లకీ వాదన ఉంది. జిల్లా నుంచి వలసలు ఆగాలంటే పరిశ్రమ రావాలి, కరెంటు కావాలి అన్నారు. కాదనలేం.

కానీ ఆ రెండేళ్లలో ఇంకోటి కూడా జరిగింది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. భూమి పనికొస్తుందని రుజువు చేయాల్సిన భారం జనం మీద పడింది. దాంతో ఉద్యమం వైపు వాళ్లు కూడా లెక్కలే చెప్పాల్సి వచ్చింది: బీల నీటితో ఎంత పండుతుంది, ఎన్ని కుటుంబాలు చేపల మీద బతుకుతాయి. ఆఫీసులకి అర్థమయ్యే భాష అది. పక్షుల్ని కూడా అందులోకే లాగి టూరిజం కిందో, అరుదైన జాతుల జాబితా కిందో చూపించారు. పురిటికొచ్చిన ఆడపిల్ల అన్న మాట రాసుకోవడానికి ఆ దరఖాస్తుల్లో గడి లేదు. ఇవాళ్టి ప్రశ్న పుట్టింది అక్కడే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఈ వైపు చెట్లను పడగొట్టింది. 2021 చివర, 2022 మొదట్లో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. చేపల ద్వారా కడుపులోకి చేరిన పురుగులే కారణమని తేలింది. అంటే జబ్బు చెట్టు దగ్గర అంటుకున్నది కాదు, మేతతో వచ్చింది.

తేలినీలాపురంలో ఇప్పుడు సంరక్షణ కేంద్రం ఉంది, పక్షుల్ని చూడ్డానికి జనం వస్తారు. అవి మేసే బీలకి మాత్రం అభయారణ్యం హోదా లేదు. పోర్టు చుట్టూ భూముల మాట వచ్చినప్పుడల్లా లేచేది ఆ నేల పేరే.