‘టక్’ వినిపించని ఏసీ: కారు కంప్రెసర్‌ని ఆపుతున్నదెవరు?

ఇంజిన్ నడుస్తుండగా ఏసీ బటన్ నొక్కితే బానెట్ కింద ‘టక్’మని చిన్న చప్పుడు రావాలి. ఆ వెంటనే ఇంజిన్ ఒక్క క్షణం బరువెక్కినట్టయి సర్దుకుంటుంది. ఏసీ గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్‌ని ఇంజిన్‌కి కలిపే క్లచ్ పట్టుకుందనడానికి అదే గుర్తు. చప్పుడు వచ్చాక కూడా గాలి చల్లబడకపోతే ఏసీ సరిగా పనిచేయడం లేదని అర్థం. చప్పుడే రాకపోతే అసలు ఏసీ మొదలే కాలేదు. రెండూ వేర్వేరు జబ్బులు. కానీ చాలా షెడ్లలో రెండింటికీ వేసే మందు ఒకటే: ‘గ్యాస్ పట్టిద్దాం సార్’. ఎండాకాలంలో డబ్బు వృథా అయ్యేది ఈ మాట దగ్గరే.

కంప్రెసర్ ముందున్న పుల్లీని ఇంజిన్ బెల్టు ఎప్పుడూ తిప్పుతూనే ఉంటుంది. పుల్లీ వెనక రాగి తీగ చుట్టిన కాయిల్, ముందు ఒక ఇనుప ప్లేటు ఉంటాయి. కాయిల్‌కి 12 వోల్టులు అందగానే అది అయస్కాంతమై ప్లేటును లాగి పుల్లీకి అతికిస్తుంది. కంప్రెసర్ షాఫ్టు తిరిగేది అప్పుడే. 1940 మోడల్ ప్యాకార్డ్ కార్లకు ఫ్యాక్టరీ నుంచే ఏసీ వచ్చినప్పుడు ఈ క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సిందే. ఇప్పుడా పని కాయిల్ చేస్తోంది. కాకపోతే దానికి కరెంటు ఇవ్వాలంటే బ్లోయర్ (గాలి ఊదే ఫ్యాన్) స్విచ్, గ్యాస్ ఒత్తిడిని గమనించే ప్రెషర్ స్విచ్, కూలింగ్ కాయిల్ (గాలిని చల్లబరిచే భాగం) సెన్సర్, ఇంజిన్ కంప్యూటర్ అన్నీ ఒప్పుకోవాలి. ఏ ఒక్కటి వద్దన్నా ఏసీ లేదు. ఎవరు వద్దన్నారో, ఎందుకన్నారో కనిపెట్టడమే ఇక్కడ అసలు రిపేరు.

ముందు బ్లోయర్ చూడాలి. అది ఆఫ్‌లో ఉంటే చాలా కార్లలో కంప్రెసర్‌కి అనుమతి దొరకదు. గాలి ఆడని కూలింగ్ కాయిల్ మంచు కట్టేస్తుంది కాబట్టి ఆ ఏర్పాటు. స్పీడు నాబ్ ఉన్న కార్లలో బ్లోయర్ చివరి స్పీడులో మాత్రమే తిరుగుతుంటే మోటారు బాగున్నట్టే, పోయింది స్పీడు తగ్గించే రెసిస్టర్.

గాలి వస్తూ ‘టక్’ లేకపోతే బానెట్ కింద ఫ్యూజుల పెట్టె తెరవాలి. ఏ ఫ్యూజు దేనిదో మూత లోపలి బొమ్మలో ఉంటుంది. ఎర్రది 10 ఆంపియర్లు, నీలం 15. మాడితే మళ్లీ అదే విలువది వేయాలి. పెద్దది వేస్తే ఈసారి మాడేది వైరు. కొత్తది కూడా వెంటనే పోతే క్లచ్ కాయిల్ షార్టయిందని, లేదా వైరు ఒరుసుకుని బాడీకి తగులుతోందని అనుకోవాలి. ఏసీ రిలేని (క్లచ్‌కి కరెంటు కలిపే స్విచ్), దానిమీదున్న నంబరే ఉన్న హారన్ రిలేతో మార్చి చూడటం పైసా ఖర్చు లేని పరీక్ష. కారు కొన్నాళ్లు కదలకుండా ఉంటే మన దగ్గర ఎలుకల సంగతి కూడా మరవకూడదు. కొరికిన వైరు ఒక్కోసారి ఫ్యూజు జోలికి పోకుండానే దారి తెంపేస్తుంది. ఇంజిన్ ఆపి, కంప్రెసర్ దాకా వెళ్లే వైరును చేత్తో తడిమి చూడండి.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. కంప్రెసర్ దగ్గరి కనెక్టర్ ఊడదీసి, ఇంజిన్, ఏసీ ఆన్ చేసి, తిరిగే బెల్టుకు చేతులు దూరంగా ఉంచి, వైరు కొసకూ బాడీకీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టాలి. బల్బు వెలిగిందంటే అందరూ ఒప్పుకున్నట్టే, తప్పు క్లచ్‌దే. అప్పుడు ఇంజిన్ ఆపి మల్టీమీటర్‌తో కాయిల్ కొలిస్తే సాధారణంగా 3 నుంచి 4 ఓంలు చూపాలి. అనంతం చూపిస్తే తీగ తెగింది.

పొద్దున పనిచేసి, అరగంట ట్రాఫిక్‌లో నడిచాక ఆగిపోయి, కారు చల్లారాక మళ్లీ పలికే ఏసీల్లో చాలావరకు తప్పు ప్లేటుకూ పుల్లీకీ మధ్య సందుది. కొత్తలో అది అర మిల్లీమీటరు అటూఇటుగా ఉంటుంది. ఏళ్ల తరబడి రాపిడికి పెరుగుతుంది. సందు రెట్టింపైతే అయస్కాంతం లాగే బలం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. దానికి తోడు రాగి వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది. ఉష్ణోగ్రత 80 డిగ్రీలు పెరిగితే సుమారు 30 శాతం. ఆ మేరకు కరెంటు తగ్గి, చల్లగా ఉన్నప్పుడు ఎలాగో లాగగలిగిన ప్లేటును వేడిలో లాగలేకపోతుంది. ఫీలర్ గేజీతో (సందు కొలిచే సన్నటి రేకులు) కొలిచి, ప్లేటు వెనక ఉన్న సన్నటి రేకు వాషర్లలో ఒకటి తీస్తే చాలాసార్లు పని అయిపోతుంది. దీనికి గ్యాస్ ముట్టుకోనక్కర్లేదు, కంప్రెసర్ మార్చనక్కర్లేదు.

బల్బు వెలగకపోతే వద్దన్నవాళ్లను వెతకాలి. వాళ్లలో ముఖ్యమైనది ప్రెషర్ స్విచ్. లోపలి ఒత్తిడి సుమారు 30 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) కన్నా తగ్గినా, 400 దాటి బాగా పైకెళ్లినా అది ఆపేస్తుంది. తక్కువైతే ఎందుకు ఆపాలంటే, కంప్రెసర్‌కి వేరే ఆయిల్ పంపు ఉండదు. గ్యాసే ఆయిల్‌ను మోసుకుంటూ తిరుగుతుంది. గ్యాస్ పోయాక తిప్పితే పొడిగా అరిగి పట్టేస్తుంది. అందుకే స్విచ్ కనెక్టర్‌లో వైరు ముక్క పెట్టి జంపర్ వేసి నడపడం ప్రమాదం. మూడు వైర్లుంటే అది సాధారణంగా స్విచ్ కాదు, సెన్సర్. దానికసలు జంపర్ వేయకూడదు.

గ్యాస్ ఒత్తిడి చూపే గేజీ చెప్పేది సరిగా అర్థం చేసుకోవాల్సింది ఇక్కడే. ఇంజిన్ ఆగి చల్లారాక, ఆర్134ఏ గ్యాస్ ఉన్న కారులో 35 డిగ్రీల దగ్గర ఎక్కువ, తక్కువ ఒత్తిడి పైపులకు పెట్టిన రెండు గేజీలూ దాదాపు 115 పీఎస్‌ఐ చూపుతాయి. రెంటచింతల ఎండలో 45 డిగ్రీలుంటే 150 దాటుతుంది. పైపుల్లో కాస్త ద్రవం మిగిలున్నంతకాలం ఆ అంకె ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. లోపల 400 గ్రాములున్నా 200 ఉన్నా ఒకటే. కాబట్టి గేజీ 115 చూపిస్తూ క్లచ్ పట్టుకోకపోతే కారణం గ్యాస్ కాదు, పట్టించినా ప్రయోజనం లేదు. గ్యాస్ సగమై ఉంటే చల్లదనం తగ్గుతుందే గానీ ‘టక్’ మామూలుగా వినిపిస్తుంది. గేజీ సున్నా దగ్గరుంటే మాత్రం గ్యాస్ నిజంగానే పోయింది.

మిగతా కారణాలు త్వరగానే తేలతాయి. కూలింగ్ కాయిల్ సెన్సర్ చెడి ‘మంచు కడుతోంది’ అని అబద్ధం చెప్పవచ్చు. ఇంజిన్ మరీ వేడెక్కితే కంప్యూటరే ఏసీని ఆపుతుంది. కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే భాగం) ఫ్యాన్ తిరగకపోతే సిగ్నళ్ల దగ్గర ఒత్తిడి పెరిగి ఆగి, రోడ్డెక్కాక మళ్లీ పనిచేస్తుంది. కొన్ని కొత్త కార్లలో క్లచ్ ఉండదు, కంట్రోల్ వాల్వ్ ఒక్కటే ఉంటుంది. వాటి దగ్గర ‘టక్’ కోసం చెవి పెట్టి లాభం లేదు, స్కానర్ పెట్టాల్సిందే.

గ్యాస్ పోయిన కారుకు లీకు పట్టకుండా నింపడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. పైపు అతుకుల దగ్గర, కండెన్సర్ అడుగున జిడ్డు మరక ఉంటే అక్కడే అనుమానించాలి, గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా బయటికొస్తుంది కదా. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ పూస్తే బుడగలే చోటు చూపిస్తాయి. బాగుచేశాక కనీసం అరగంట పంపుతో లోపలి గాలి లాగేసి వాక్యూమ్ తీయాలి. ఆ తక్కువ ఒత్తిడిలో లోపలి తేమ మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికి వస్తుంది. తర్వాత పంపు ఆపి, ముల్లు కదలకుండా నిలిచిందో లేదో పది నిమిషాలు చూడాలి. చివరగా బానెట్ కింద స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములే, సిలిండర్‌ను కాటా మీద పెట్టి తూకంతో ఎక్కించాలి. చిన్న కార్లకు అది సుమారు 350 నుంచి 450 గ్రాములు. గేజీ చూస్తూ ఉజ్జాయింపుగా నింపుతామంటే ఒప్పుకోకండి, బిల్లు మీద గ్రాములు రాయించుకోండి.