వంగిన హెడ్డుకు అద్దం పలక

నల్లగొండ బత్తాయి తోటల్లో కలుపు తీసే పవర్ వీడర్‌కు వేసవిలో తరచూ వచ్చే జబ్బు ఒకటుంది. ఇంజను బలం తగ్గుతుంది, స్టార్టర్ తాడు లాగితే మునుపటి బిగువు ఉండదు, సిలిండర్ మీద మూతలా బిగించిన హెడ్డు అంచున ఒకచోట నల్లటి మసి చార కనిపిస్తుంది. హెడ్డుకూ సిలిండర్‌కూ నడుమ గ్యాసు లీకవకుండా వేసే గ్యాస్కెట్ కాలిందని కొత్తది వేస్తారు. కొన్నాళ్లకే అదీ కాలిపోతుంది. చాలాసార్లు అసలు తప్పు గ్యాస్కెట్‌ది కాదు, దాని మీద కూర్చున్న హెడ్డుది.

నెపం ఎండ మీదికి పోతుంది. కానీ లెక్క వేసి చూడండి. హెడ్డును గాలితో చల్లబరిచే రెక్కలు 180 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు గాలి 30 డిగ్రీలుంటే తేడా 150, గాలి 45 అయితే తేడా 135. చల్లబడే శక్తిలో తగ్గేది పదో వంతే. రెక్కల మధ్య దుమ్ము, ఎండుగడ్డి, నూనె జిడ్డు పేరుకుంటే అంతకంటే చాలా ఎక్కువ నష్టం. పది సెంటీమీటర్ల అల్యూమినియం 170 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.4 మి.మీ. సాగుతుంది. సైలెన్సర్ వైపు ఎక్కువ సాగాలని చూస్తుంది, చల్లని వైపు, బోల్టులు సాగనివ్వవు. వేడికి మెత్తబడిన లోహం ఆ ఒత్తిడికి లొంగి కుదించుకుపోతుంది. చల్లారాక పాత ఆకారానికి రాదు.

ఇంజను పూర్తిగా చల్లారాకే బోల్టులు విప్పాలి. వాల్వులు, పిన్నులు తీసి, మసి గీకి, తిన్నని ఉక్కు అంచును హెడ్డు మీద అడ్డంగా, నిలువుగా, మూలల మీదుగా ఆనించి చూడాలి. సందు కొలిచే 0.1 మి.మీ. రేకు (ఫీలర్ గేజ్) కింద దూరితే చదును చేయక తప్పదు.

ఇందుకు మందపాటి అద్దం పలక చాలు. కరిగిన తగరం మీద కరిగిన గాజును తేల్చి తయారు చేస్తారు కాబట్టి అద్దం చాలా సమతలంగా ఉంటుంది. నిజానికి మనం చేసేది అద్దంలోని సమతలాన్ని లోహానికి ఎక్కించడమే. మరి మొట్టమొదటి సమతలం ఎక్కడిది? రెండు పలకలను ఒకదానితో ఒకటి సరిచూసుకుంటూ గీకితే ఒకటి గుంటపడి, ఇంకొకటి ఉబ్బి, రెండూ చక్కగా అతుక్కోవచ్చు. మూడో పలక వస్తేనే ఆ మోసం బయటపడుతుంది. ఈ మూడు పలకల పద్ధతిని 1840లో ఇంగ్లండు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ శాస్త్రవేత్తల సభ ముందు వివరించాడు. నాకు యంత్ర విద్యలో ఇంతకంటే అందమైన ఆలోచన కనిపించలేదు.

గట్టి బల్ల మీద అద్దం, దాని మీద తడిపిన 220 నంబరు వాటర్ పేపర్. హెడ్డు ముఖం మీద మార్కర్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసి, మధ్యలో తేలికగా పట్టుకుని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలి. అంచు నొక్కితే అంచే అరుగుతుంది. మధ్యమధ్యలో హెడ్డును పావు చుట్టు తిప్పి పట్టుకోవాలి. కాసేపటికి కొన్ని గీతలు చెరిగి, కొన్ని మిగులుతాయి. మిగిలినవి పల్లాలు; తరచుగా రెండు బోల్టు రంధ్రాల నడుమ కనిపిస్తాయి. చివరి గీత చెరిగాక 400 నంబరుతో ముగించి, సబ్బునీళ్లతో రాపిడి పొడి మిగలకుండా కడగాలి.

హెడ్డు అరిగితే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకుపోవడం, పెరిగిపోతుందన్న భయం అక్కర్లేదు. 68 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) ఉన్న 200 సీసీ ఇంజనులో 0.1 మి.మీ. తీస్తే తగ్గే చోటు 0.36 సీసీ, 8.5 కంప్రెషన్ నిష్పత్తి 8.6 అవుతుంది, అంతే. కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులను ఎదురెదురుగా, విడతలవారీగా, కంపెనీ చెప్పిన టార్క్ (బిగింపు బలం) వరకు బిగించాలి. వాల్వు సీటు పక్కన పగులు కనిపిస్తే మాత్రం అద్దం పక్కన పెట్టి కొత్త హెడ్డు కొనాల్సిందే.