తెల్ల కాగితం మీద కొన్న భూమి

తెలంగాణ పల్లెల్లో చాలా ఇళ్లలో, పాత ఇనుప పెట్టెలో బట్టల అడుగున నాలుగు మడతల కాగితం ఒకటి ఉంటుంది. మడతల దగ్గర చిరిగి, సిరా వెలిసిపోయి ఉంటుంది. ఫలానా సర్వే నంబరులో ఎకరా ఇరవై గుంటలు, తూర్పున వాగు, పడమర బండ్ల బాట, కింద అమ్మినవారి వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. అదే సాదా బైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేని అమ్మకపు కాగితం. పెద్దమనుషుల ముందు సొమ్ము చెల్లింది, ఆ వానాకాలమే కొన్నవారి నాగలి పొలంలో దిగింది. రికార్డులో పట్టాదారు పేరు మాత్రం పాతదే.

వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్డ్ దస్తావేజుతోనే జరగాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. స్టాంపు ఖర్చు భరించలేక, పట్నం దాకా పోలేక చిన్న రైతులు మాట మీద నమ్మకంతో కొన్నారు.

నన్ను కలచివేసేది ఇదే. పరాయి భూమిని అసలు యజమానిని ఎదిరిస్తూ, అందరికీ తెలిసేలా 12 ఏళ్లు ఆక్రమించుకున్నవాడికి ఆ భూమి మీద హక్కు పొందే దారిని 1963 కాలపరిమితి చట్టం ఇస్తుంది. ఈ సూత్రం అహేతుకమని 2008లో సుప్రీంకోర్టే అంది, మార్చే విషయం ఆలోచించమని కేంద్రానికి సూచించింది. 2023లో లా కమిషన్ మార్పు అక్కర్లేదని తేల్చింది. మరి డబ్బిచ్చి కొన్నవాడో? కొనుగోలు ఒప్పందం కింద భూమిలోకి దిగినవాడి స్వాధీనం అమ్మినవాడికి వ్యతిరేకమైనది కాదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. నిజాయితీగా ‘కొనుగోలు ఒప్పందం మీద వచ్చాను’ అని చెప్పడమే అతనికి అడ్డంకి అయింది.

ఈ అన్యాయాన్ని కొంత సరిదిద్దింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టమే. 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టంలో 1989లో ఇలాంటి కొనుగోళ్లను క్రమబద్ధీకరించే 5-ఎ సెక్షన్ చేరింది. ఫారం 10తో దరఖాస్తు చేసుకుంటే మండల రెవెన్యూ అధికారి విచారించి 13-బి సర్టిఫికెట్ ఇచ్చేవారు. విచారణలో పహాణీ అనే గ్రామ భూమి రికార్డులోని అనుభవదారు కాలమ్, అంటే పొలం ఎవరి సాగులో ఉందో రాసే గడి, రైతుకు పెద్ద అండ. తెలంగాణ వచ్చాక 2016లో, 2014 జూన్ 2కు ముందు జరిగిన కొనుగోళ్లను, ఐదెకరాల వరకు రుసుము లేకుండా క్రమబద్ధీకరించే అవకాశం ఇచ్చారు.

తర్వాతే దెబ్బ తగిలింది. ఆన్‌లైన్ భూ రికార్డుల పోర్టల్ ధరణిలో అనుభవదారు కాలమే లేకుండా పోయింది. 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 వరకు మళ్లీ దరఖాస్తులు తీసుకున్నారు, సుమారు 9 లక్షలు వచ్చాయి. కానీ ఆ మధ్యలోనే, అక్టోబరు 29న, కొత్త చట్టం అమల్లోకి వచ్చి 1971 చట్టం రద్దయింది. రద్దయిన చట్టం కింద క్రమబద్ధీకరణ ఎలా చేస్తారన్న ప్రశ్నతో హైకోర్టు నిలుపుదల ఉత్తర్వులిచ్చింది. దాదాపు ఐదేళ్లు ఆ కాగితాలు కదల్లేదు.

2025లో వచ్చిన భూ భారతి చట్టం ఆ క్రమబద్ధీకరణ బాధ్యతను ఆర్డీఓకు (రెవెన్యూ డివిజనల్ అధికారికి) అప్పగించింది, అదే ఏడాది ఆగస్టులో హైకోర్టు అడ్డంకి తొలగింది. 12 ఏళ్లుగా సాగులో ఉన్న చిన్న, సన్నకారు రైతులకే ఇది వర్తిస్తుంది. అదీ, 2020లో ఆ 30 రోజుల్లో దరఖాస్తు పెట్టుకున్నవారికి మాత్రమే. అప్పుడు వలసలో ఉండి ఊరికి రాలేకపోయినవారి కాగితం ఇంకా పెట్టె అడుగునే ఉంది.