బక్: జింక తోలు నుంచి డాలరు దాకా

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో ‘ఇరవై బక్స్ అయింది’ అనే మాట తరచూ వినిపిస్తుంది. డాలరుకు మారుపేరైన ఈ ‘బక్’కు మరో అర్థం మగ జింక. అడవి జంతువు పేరు డబ్బుకు ఎలా వచ్చింది?

పాత ఇంగ్లీషులో ‘బుక్క’ అంటే మేకపోతు, ‘బుక్’ అంటే మగ జింక. కాలక్రమంలో రెండూ కలిసిపోయి ఒకే మాట అయ్యాయి. ఇంగ్లండులో ప్రతి మగ జింకా బక్ కాదు. పెద్ద ఎర్ర జింకల్లో మగది స్టాగ్, అంతకు ముందు హార్ట్. ఒంటిమీద చుక్కలుండే ఫాలో జింకల్లో మగది బక్. మనకూ మగదానికి ఇర్రి, ఆడదానికి లేడి అనే మాటలు ఉండేవి. ఇంకో పోలిక నాకు మరీ ఇష్టం. ‘డీర్’ అనే మాటకు మొదట జంతువు అనే అర్థం, తర్వాతే అది జింకకు పరిమితమైంది. సంస్కృతం నుంచి మనకు వచ్చిన ‘మృగం’ కూడా అంతే: క్రూరమృగంలో అది ఏ జంతువైనా కావచ్చు, మృగనయనిలో మాత్రం జింకే.

18వ శతాబ్దపు ఇంగ్లండులో సొగసుగా ముస్తాబై తిరిగే యువకులనూ బక్ అనేవారు. అసలు మలుపు మాత్రం అట్లాంటిక్ దాటాక వచ్చింది.

ఐరోపాలో లాగులకు, చేతితొడుగులకు జింక తోలు కావాలి. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు అడవుల్లో చెరోకీ, క్రీక్ ఆదివాసీ జాతులవారు వేటాడి తెచ్చిన తోళ్లు చార్లెస్టన్ రేవుకు చేరేవి. 1699 నుంచి 1715 వరకు కరొలైనా నుంచి ఏటా సగటున 50 వేలకు పైగా తోళ్లు ఇంగ్లండుకు వెళ్లాయి. నాణేలు అరుదైన ఆ సరిహద్దుల్లో తుపాకీకీ, దుప్పటికీ, విస్కీకీ ధర తోళ్లలోనే కట్టేవారు. పెన్సిల్వేనియా దూతగా ఒహాయో నది ఒడ్డున లాగ్స్‌టౌన్‌కు వెళ్లిన కాన్రాడ్ వైజర్ 1748 నాటి తన దినచర్యలో పీపా విస్కీ ధరను 5 బక్‌లుగా రాసుకున్నాడు. వాటిని 5 మగ జింక తోళ్లుగా చదువుకోవాలి.

తోళ్లు ఎన్ని తెచ్చినా వర్తకుల ఖాతాలో అప్పు తీరేది కాదు. వచ్చే ఏటి వేట మీద ముందే సరుకు ఇచ్చేవారు. చుట్టుపక్కల జింకలు తగ్గిపోయాయి, అప్పు పెరిగిపోయింది. చివరికి 1773లో అగస్టా ఒప్పందం కింద, వర్తకుల బాకీల కోసం చెరోకీలు, క్రీక్‌లు 20 లక్షల ఎకరాలకు పైగా భూమి వదులుకున్నారు. తోలుతో మొదలైన లెక్క నేలతో తీరింది.

డాలరు అనే అర్థంలో బక్ అచ్చులో కనిపించేది 1850ల నుంచి. మధ్యలో శతాబ్దం ఎడం ఉన్నా, ఆ అర్థానికి మూలం తోలు వర్తకమేనని చాలామంది అభిప్రాయం. జంతువు సంపదకు కొలమానం కావడం మనకు కొత్త కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పశువులను సొమ్ములనే అంటారు.

పేకాటలో పంచే వంతు ఎవరిదో తెలిపే గుర్తునూ బక్ అన్నారు. అది జింక కొమ్ము పిడి ఉన్న కత్తి అయి ఉంటుందని చెబుతారు. ‘పాస్ ద బక్’ అనే నుడికారానికి బాధ్యతను పక్కవాడి మీదకు నెట్టడమనే అర్థం దాని నుంచి పుట్టింది. ఆ నెట్టడం తన దగ్గరే ఆగుతుందని చెప్పే పలకను అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ 1945 నుంచి తన బల్ల మీద ఉంచుకున్నాడు.

ఈ మాటకు మరో అర్థం ఉంది, దాన్ని దాటవేయకూడదు. బానిసలుగా అమ్ముడైన నల్లజాతి యువకులను, ఆదివాసీ యువకులను తెల్లవారు బక్ అని పిలిచారు. మనిషిని బలం, వయసు చూసి వెలకట్టే జంతువుగా చూసిన పిలుపు అది. ఇప్పటి నిఘంటువులు ఆ అర్థం పక్కన ‘అవమానకరం’ అని రాస్తున్నాయి.